దయ్యాల కథా రచన: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం ఆధారంగా అవగాహన

నేపథ్యం

తెలుగులో దయ్యాల కథను చాలాకాలం పిల్లల కాలక్షేపం కింద జమకట్టారు. సాహిత్య చరిత్ర గ్రంథాల్లో దీనికి దక్కిన చోటు స్వల్పం. రచనా విధానం దృష్టితో పరిశీలిస్తే మాత్రం ఇది కచ్చితమైన నియమాలు గల ప్రక్రియ. దీనికి అలంకారశాస్త్రంలో సిద్ధాంతం ఉంది, సంస్కృత కథావాఙ్మయంలో నమూనా ఉంది, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆచరణ ఉంది. ఈ మూడింటినీ కలిపి చదివిన అభ్యర్థికే విషయం పూర్తిగా పట్టుబడుతుంది.

అధ్యయన ప్రాంతం మూడు పట్టణాల మధ్య విస్తరించి ఉంది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు మూడూ ఉమ్మడి గుంటూరు జిల్లాలోని పట్టణాలే. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు, లాకులు, కరకట్టలు ఈ నేల స్వరూపాన్ని మార్చాయి. 1916లో తెనాలి, రేపల్లె మధ్య రైలుమార్గం వచ్చింది. ఈ భౌగోళిక వివరాలను దాటవేయకూడదు. ఈ ప్రాంతపు దయ్యాల కథలకు ముడిసరుకు వాటిలోనే ఉంది.

నిర్వచనం

మరణించిన వ్యక్తి ఉనికిగానీ, మానవేతర శక్తి ఉనికిగానీ జీవించి ఉన్న పాత్రల నిత్యజీవితంలోకి చొరబడగా, ఆ చొరబాటు వల్ల పాఠకునిలో క్రమంగా భయం పెరిగేలా నిర్మించిన కథను దయ్యాల కథ అంటారు. ఈ నిర్వచనంలో రెండు పదాలు కీలకం: ‘నిత్యజీవితం’, ‘క్రమంగా’. నిత్యజీవితం లేని కథ జానపద అద్భుత కథ అవుతుంది. క్రమవృద్ధి లేని కథ ఒక్కసారి ఉలిక్కిపడేలా చేసి ఆగిపోతుంది.

జానపద అద్భుత కథలో రాకుమారుడికి రాక్షసుడు ఎదురుపడటం సహజం, ఎవరూ ఆశ్చర్యపోరు. దయ్యాల కథలో అదే ఘటన అసహజం, కాబట్టి పాత్ర మొదట నమ్మదు. నమ్మకపోవడం నుంచి నమ్మక తప్పకపోవడం వరకు జరిగే ప్రయాణమే ఇతివృత్తం.

రసశాస్త్ర పునాది

భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం ఎనిమిది రసాలను పేర్కొంటుంది. వాటిలో భయానక రసానికి స్థాయీభావం (మూలంగా నిలిచే భావం) భయం, వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స, వర్ణం నీలం, అధిదేవత మహాకాలుడు. అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం, వర్ణం పసుపు, అధిదేవత బ్రహ్మ. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని భరతుడు చెప్పాడు. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం కొత్త రచయితల్లో సర్వసాధారణ లోపం. నెత్తురు, కుళ్లిన శవం, పురుగులు జుగుప్సను కలిగిస్తాయి. వాటిని పేజీల కొద్దీ వర్ణించినా భయం దానంతట అది రాదు.

భయానక రసానికి నాట్యశాస్త్రం చెప్పిన విభావాలు (భావాన్ని పుట్టించే కారణాలు) నేటికీ పనికొస్తాయి: వికృత ధ్వనులు, భూతదర్శనం, నక్కల ఊళలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహం, అరణ్యప్రవేశం. అనుభావాలు (భావాన్ని బయటపెట్టే చేష్టలు) కాళ్లూ చేతులూ వణకడం, ముఖం పాలిపోవడం, గొంతు మారిపోవడం, ఒళ్లు గగుర్పొడవడం. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిదింటినీ సాత్త్విక భావాలంటారు. ‘అతనికి చాలా భయం వేసింది’ అని రాయడం స్థాయీభావాన్ని పేరుపెట్టి చెప్పడం. గ్లాసు పట్టుకున్న చేయి వణికి నీళ్లు చొక్కా మీద ఒలికాయని రాయడం వేపథువు ద్వారా దాన్ని సాధించడం. రెండోదే రచన.

భయానక భేదాలు

భయానక రసాన్ని భరతుడు మూడు రకాలుగా విభజించాడు. మొదటిది వ్యాజజం, అంటే నటన వల్ల, కపటం వల్ల పుట్టే భయం. ఆస్తి కోసం దయ్యం ఉందని పుకారు పుట్టించి, చివరికి పట్టుబడే కథలన్నీ ఈ కోవలోకి వస్తాయి. రెండోది అపరాధజం, అంటే చేసిన తప్పు వల్ల పుట్టే భయం. మూడోది విత్రాసితకం, అంటే బాహ్యమైన బెదురు వల్ల, ఆకస్మికంగా పుట్టే భయం.

పరీక్షలో మూడింటికీ సమాన ప్రాధాన్యం ఇచ్చి రాయవచ్చు. కథ రాయదలచినవారు మాత్రం అపరాధజం దగ్గరే ఎక్కువ కాలం ఆగాలి. తప్పు చేసిన మనిషికి దయ్యం బయటి నుంచి రానక్కర్లేదు. అతనికి మాత్రమే అర్థమయ్యే చిన్న గుర్తు కనిపించినా చాలు. పాఠకుడు కూడా ఆ తప్పు తన ఊళ్లో జరగగలిగినదేనని గుర్తిస్తాడు. వ్యాజజ కథ ముగింపుతో కరిగిపోతుంది. విత్రాసితక కథ మొదటి పఠనంతో ఖర్చయిపోతుంది. అపరాధజ కథ రెండోసారి చదివినప్పుడు మరింత బాధిస్తుంది.

అతీంద్రియ పాత్రల వర్గీకరణ

అమరకోశం పది దేవయోనులను చెప్పింది: విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచాలు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు. వీరిలో పిశాచాలు, భూతాలు మాత్రమే నేరుగా దయ్యాల కథకు సంబంధించినవి. ప్రేతం వేరు. అది మరణించాక ఉత్తరక్రియలు పూర్తయ్యేవరకు ఉండే స్థితి. గరుడ పురాణంలోని ప్రేతకల్పం దీన్ని వివరిస్తుంది.

తెలుగు జనవ్యవహారంలో వర్గీకరణ మరోలా ఉంటుంది. అర్ధాయుష్షుతో పోయినవారు దయ్యాలవుతారని, విద్య నేర్చి ఇతరులకు చెప్పనివాడు బ్రహ్మరాక్షసుడవుతాడని, కామినీ పిశాచం మగవారిని పట్టుకుంటుందని, శాకినీ ఢాకినీలు మాంత్రికుని ఆజ్ఞకు లోబడతాయని వాడుక. చిత్తడి నేలల్లో రాత్రిపూట కదిలే వెలుగుకు కొరివి దయ్యమని పేరు. డెల్టా ప్రాంత కథల్లో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. నీరు నిలిచిన చోట ఆకులు, గడ్డి కుళ్లి మండే వాయువు వెలువడుతుంది. 1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మాగ్గియోర్ సరస్సు చిత్తడి నుంచి ఇటువంటి వాయువునే సేకరించి పరిశీలించాడు. అదే మీథేన్. కొరివి దయ్యానికి ఇటువంటి వాయువులే కారణమని సాధారణంగా వివరిస్తారు. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు, కదలలేనట్లు అనిపించే స్థితిని వైద్యశాస్త్రం నిద్ర పక్షవాతంగా గుర్తించింది. ఈ వివరణలు తెలిసిన రచయిత మెరుగ్గా రాస్తాడు. పాత్రకు ముందుగా ఏ సమాధానం స్ఫురిస్తుందో, అది ఎక్కడ సరిపోదో అతనికి తెలుస్తుంది.

బేతాళ కథ: మూలం

దయ్యం కథ చెప్పడం అనే ఏర్పాటుకు భారతీయ సాహిత్యంలో ప్రధాన ఉదాహరణ బేతాళ పంచవింశతి. దీని మూలాన్ని గుణాఢ్యుని బృహత్కథగా పేర్కొంటారు. కథాసరిత్సాగరంలోని ఐతిహ్యం ప్రకారం గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడు. రాజుకు ఆరు నెలల్లో సంస్కృతం నేర్పే విషయంలో శర్వవర్మతో పందెం కట్టి ఓడి, సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటినీ విడిచిపెట్టాడు. వింధ్యారణ్యంలో పైశాచీ భాష నేర్చి, ఏడు లక్షల శ్లోకాలను తన నెత్తుటితో రాశాడు. రాజు తిరస్కరించగా ఒక్కొక్క ఆకును మృగాలకు చదివి వినిపిస్తూ అగ్నిలో వేశాడు. ఆరు లక్షలు కాలిపోగా లక్ష మిగిలింది. పిశాచాల భాషగా పేరుపడిన భాషలో, నెత్తుటితో రాసిన కథల పుట్టుకే ఒక భయానక కథ. ఈ ప్రక్రియను చేపట్టే తెలుగు రచయిత గర్వించదగిన వంశవృక్షం ఇది.

బృహత్కథ లభ్యం కాదు. దాని ఆధారంగా కాశ్మీర దేశంలో 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు బృహత్కథామంజరిని, సోమదేవుడు కథాసరిత్సాగరాన్ని రచించారు. సోమదేవుడు అనంత రాజు భార్య సూర్యవతి కోసం దీన్ని రాశాడు. ఇందులో 18 లంబకాలు, 124 తరంగాలు ఉన్నాయి. బేతాళ కథలు 12వదైన శశాంకవతీ లంబకంలో వస్తాయి. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, నగరం గోదావరి తీరంలోని ప్రతిష్ఠానం, భిక్షువు పేరు క్షాంతిశీలుడు, శవం వేలాడే చెట్టు శింశుపా వృక్షం. శివదాసు, జంభలదత్తుడు సంతరించిన పాఠాలు కూడా ఉన్నాయి.

బేతాళ కథ: నిర్మాణ లక్షణాలు

భిక్షువు కోరిక మేరకు రాజు చెట్టు మీది శవాన్ని మౌనంగా శ్మశానానికి మోయాలి. శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం చెట్టెక్కుతుంది. రెండు దారుల్లోనూ నష్టమే. కథా నిర్మాణంలో దీన్ని ఉభయతఃపాశం అంటారు. 24వ ప్రశ్నకు రాజు సమాధానం చెప్పలేక నిజంగానే మౌనం వహిస్తాడు. అప్పుడు బేతాళుడు సంతోషించి, అసలు ప్రమాదం శ్మశానంలో ఎదురుచూస్తున్న భిక్షువు నుంచేనని బయటపెడతాడు. అంతవరకు భయపెట్టిన శవం రక్షకుడవుతుంది, పూజారిగా కనిపించినవాడు హంతకుడవుతాడు. సుమారు వెయ్యేళ్ల నాటి ఈ మలుపును దాటిన మలుపు నేటి దయ్యాల కథల్లోనూ అరుదు.

రచయిత ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. శ్మశానం, శవం, అర్ధరాత్రి అనే ఆర్భాటమంతా చట్రంలోనే ఉంది. లోపలి కథలు మనుషుల ప్రవర్తన గురించినవి: ఎవరు ఎక్కువ త్యాగం చేశారు, నేరం ఎవరిది, ఎవరికి ఎవరు దక్కాలి. భయం పాఠకుణ్ని కూర్చోబెడుతుంది, ధర్మసందేహం అతనితో ఆలోచింపజేస్తుంది.

తెనాలి రచయితలు

బేతాళ కథల చట్రాన్ని 20వ శతాబ్దిలో ఇంటింటికీ చేర్చిన పత్రిక చందమామ. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి దీన్ని మద్రాసు నుంచి ప్రారంభించారు. చక్రపాణి (1908–1975) అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, స్వస్థలం తెనాలి. బెంగాలీ నేర్చి శరత్ చంద్రుని రచనలను తెలుగులోకి అనువదించారు. విజయా సంస్థ ద్వారా చలనచిత్ర రంగంలోనూ ప్రసిద్ధులు.

కొడవటిగంటి కుటుంబరావు 1909 అక్టోబరు 28న తెనాలిలో జన్మించారు. భౌతికశాస్త్రం చదివారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ.లో చేరారు, పూర్తి చేయలేదు. 1952 నుంచి 1980 ఆగస్టు 17న మరణించేవరకు చందమామ బాధ్యత వహించారు. మార్క్సిస్టు దృక్పథం గలవారు, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో సభ్యులు. మూలంలోని 24 కథలు అయిపోయాక కూడా చందమామ అదే చట్రంలో కొత్త బేతాళ కథలను నెలనెలా దశాబ్దాలపాటు ప్రచురించింది. ప్రతి కథ చివర ఒక పాత్ర పైకి పొంతనలేని పని చేస్తుంది. ఎందుకలా చేసిందన్నదే బేతాళుని ప్రశ్న. ఈ కథల్లో రాజైన విక్రమార్కుని సమాధానం ఆ పాత్ర మనస్తత్వం మీద ఆధారపడుతుంది. శకునాలు, శాపాల మీద ఆధారపడదు.

భౌతికశాస్త్ర విద్యార్థి, హేతువాది దేశంలోకెల్లా ప్రసిద్ధమైన దయ్యాల చట్రాన్ని 28 ఏళ్లపాటు నడిపారన్న వాస్తవం ఈ పాఠానికి కేంద్రం. దయ్యాల కథ రాయడానికి దయ్యాల మీద నమ్మకం అవసరం లేదు. మనిషి ఎందుకు అలా ప్రవర్తిస్తాడన్న ఆసక్తి, కార్యకారణ సంబంధం పట్ల శ్రద్ధ అవసరం. నమ్మకం గల రచయిత ‘ఇలాగే జరిగింది’ అని నిరూపణ వదిలేసే ప్రమాదం ఉంది. నమ్మకం లేని రచయిత ప్రతి మెట్టునూ కట్టుకోవలసి వస్తుంది.

చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010) జానపద ధారావాహికలు రాశారు. ఈయనదీ గుంటూరు జిల్లాయే. 1954లో ఆరంభమైన ‘తోకచుక్క’ తరువాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మొదలైనవి వచ్చాయి. వీటికి చిత్రా వేసిన బొమ్మలు, బేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మలు పాఠకుల కళ్లలో స్థిరపడిపోయాయి. ప్రతి నెలా ఉత్కంఠ గల ఘట్టం దగ్గర కథను నిలపడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ ధారావాహికలే పాఠ్యగ్రంథాలు.

డిటెక్టివ్ నవలా రచయిత కొమ్మూరి సాంబశివరావు (1926–1994) కూడా తెనాలిలో జన్మించారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు ఒక తరం పాఠకులకు ఇంటి మనుషులు. అపరాధ పరిశోధన కథ, దయ్యాల కథ ఒకే పనిముట్టును వాడతాయి: ఆధారాన్ని ముందే పాఠకుని కళ్లెదుట పెట్టి, దాని అర్థాన్ని ఆలస్యంగా చెప్పడం.

బాపట్ల: కాటి సీను

బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించారు. 1912లో ఆయన రచించిన సత్యహరిశ్చంద్రీయం తెలుగు పద్యనాటకాల్లో అత్యధిక ప్రజాదరణ పొందినవాటిలో ఒకటి. ఇందులోని శ్మశాన ఘట్టాన్ని జనం కాటి సీను అంటారు. గుర్రం జాషువా (1895–1971) శ్మశానవాటి పద్యాలను నటులు ఈ ఘట్టంలో చేర్చి పాడటం సంప్రదాయమైంది.

దయ్యాల కథ నేర్చుకునేవారికి ఈ ఘట్టం ఎందుకు ముఖ్యమో స్పష్టంగా తెలియాలి. ఇందులో ప్రేక్షకుణ్ని భయపెట్టేందుకు దయ్యం రానక్కర్లేదు. కాటికాపరి, చితి, బిడ్డ శవంతో వచ్చిన తల్లి ఉంటారు. ఆమె తన భార్య అని కాపరికి వెంటనే తెలియదు. తెలిశాక కూడా కాటి సుంకం అడగాలి. ప్రేక్షకుని గుండె బరువెక్కేది ఆ సుంకం దగ్గరే. శ్మశానమనే భయానక విభావాన్ని కరుణరసం కోసం వాడిన విధానం ఇది. దుఃఖం లేని దయ్యం తేలిపోతుంది. చనిపోయినవారు ఎవరికో ఒకరికి బిడ్డ, భార్య, అన్న అయి ఉంటారన్న స్పృహ ఉన్న కథ నిలుస్తుంది. తెల్లవార్లూ నాటకం చూసి శ్మశానం పక్కదారిన ఇళ్లకు నడిచివెళ్లిన ప్రేక్షకులకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు.

స్థల నిర్మాణం: రేపల్లె వైపు

తెనాలి నుంచి జంపని, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు రైలు వెళ్తుంది. రేపల్లె చివరి స్టేషన్. రైలుకట్ట అక్కడితో ఆగిపోతుంది. ఈ వాస్తవం ఒక్కటే కథకు చాలినంత బలం గలది. అందరూ దిగిపోవలసిన చోట దిగని ప్రయాణికుడు ఎవరన్న ప్రశ్న దానికదే పుడుతుంది. దారిలోని భట్టిప్రోలు బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో ధాతు కరండాలు లభించాయి. వాటి మీది బ్రాహ్మీ శాసనాలు ప్రసిద్ధమైనవి. రెండు వేల ఏళ్లకు పైగా అస్థికలను భద్రపరచిన నేల ఇది.

రేపల్లెకు తూర్పున కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవు ఉంది. వారధి రాకముందు అవతలి పులిగడ్డకు పడవలో దాటేవారు. దక్షిణాన నిజాంపట్నం దగ్గర మడ అడవులు, చవిటి నేలలు, సముద్రపు పోటు పాటులు ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరాన్నీ తాకింది. మృతుల సంఖ్య పది వేలకు పైనే. ఈ విషాదాన్ని కథకు వాడదలచినవారు జాగ్రత్త వహించాలి. ఆ రాత్రి తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు నేటికీ ఈ ఊళ్లలో ఉన్నాయి. వారి మృతులను బెదిరింపు బొమ్మలుగా మార్చే హక్కు ఏ రచయితకూ లేదు.

పాడుబడ్డ బంగళా, కిర్రుమనే తలుపు, గబ్బిలాలు అరువు సామగ్రి. లాకుల దగ్గర రాత్రి నీటి హోరు, తాటితోపులో ఎండుమట్టల చప్పుడు, కుప్ప కావలికి వేసిన గడ్డిపాక, కరకట్ట మీద లైటు లేని సైకిలు ఈ నేల సొంత సామగ్రి. ఆంగ్ల రచయిత ఎం.ఆర్. జేమ్స్ తన మొదటి దయ్యాల కథల సంపుటిని 1904లో వెలువరించాడు. పరిసరాలు పాఠకునికి పరిచితమైనవిగా ఉండాలని, దయ్యాన్ని మితంగా చూపాలని ఆయన అభిప్రాయం. కేంబ్రిడ్జి పండితుడైన ఆయన క్రిస్మస్ వేళ మిత్రులకు కథలను బిగ్గరగా చదివి వినిపించేవాడు. మన ఆరుబయట మంచాల మీది కథలకూ ఆ పద్ధతికీ తేడా స్వల్పం.

నమూనా ఇతివృత్తం

అపరాధజ భయానికి ఈ ప్రాంతపు వృత్తుల నుంచే ఒక నమూనా పరిశీలించవచ్చు. పూర్వం ధాన్యాన్ని కుంచంతో కొలిచేవారు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కొలిచేవాడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆపైన రెండు, మూడు అని లెక్క సాగుతుంది.

ఒక ఆసామి తన పాలేరుకు ఏటా ఇవ్వవలసిన ధాన్యంలో ప్రతి తూముకూ మూడు కుంచాలే కొలిచి నాలుగుగా లెక్క రాశాడు. పాలేరు అడగలేదు. ఒక వర్షాకాలంలో జ్వరంతో మరణించాడు. ఆ ఏటి నూర్పిళ్ల తరువాత కళ్లంలో రాత్రిపూట ఎవరో ధాన్యం కొలుస్తున్న చప్పుడు ఆసామికి వినిపిస్తుంది: లాభం, రెండు, మూడు. అక్కడ ఆగుతుంది. కొంతసేపటికి మళ్లీ లాభం దగ్గర మొదలవుతుంది. కావలివాడికి ఏమీ వినపడదు. ఉదయం రాశి చెదిరి ఉండదు, ఒక్క గింజ తగ్గదు. రాత్రులు గడిచే కొద్దీ ఆసామి నిద్ర మాని ఆ నాలుగో అంకె కోసం ఎదురుచూస్తాడు. చివరికొక రాత్రి అతనే కళ్లంలోకి వెళ్లి చీకట్లో ‘నాలుగు’ అంటాడు.

కథ అక్కడే ముగియాలి. పాలేరు ప్రత్యక్షం కాకూడదు. తెల్లవారి ఆసామి ఏమయ్యాడో చెప్పకూడదు. ఈ నమూనాలో దయ్యానికి రూపం, వాసన, వేషం ఏవీ లేవు. విభావం ఒక లెక్క, అనుభావం నిద్రలేమి, మూలం దొంగ కొలత. కావలివాడికి వినపడకపోవడం వల్ల అది ఆసామి భ్రమ అని కూడా చదువుకోవచ్చు. ఆ సందేహాన్ని తీర్చవలసిన బాధ్యత రచయితది కాదు.

సందేహ సిద్ధాంతం

ఇటువంటి సందేహానికి సైద్ధాంతిక రూపం ఇచ్చినవాడు సాహిత్య విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్. 1970లో ఫ్రెంచి భాషలో వెలువరించిన గ్రంథంలో ఆయన ఇటువంటి కథలను మూడుగా విభజించాడు. వింత ఘటనకు చివర సహజ కారణం దొరికితే ఒక తరగతి. మానవాతీత కారణాన్ని ఒప్పుకోవలసి వస్తే మరొక తరగతి. రెండింటి మధ్య పాఠకుడు ఊగిసలాడుతూ ఉండిపోతే అదే అసలైన అద్భుత కాల్పనికత. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ మూడో తరగతికి ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి సంచలనం సృష్టించింది. క్షుద్రవిద్య వివరణను, వైద్యశాస్త్ర వివరణను పక్కపక్కన నడిపిన విధానమే దాని పట్టుకు కారణం.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణం’ మరో పద్ధతి చూపుతుంది. రైలు కోసం ఎదురుచూస్తూ ఒక వ్యక్తి పాడుబడ్డ ప్రాసాదంలో తనకు కలిగిన అనుభవాన్ని చెబుతాడు. కీలకమైన చోట రైలు వచ్చి కథ ఆగిపోతుంది. అసంపూర్ణతనే ముగింపుగా వాడిన ఈ రచన తెనాలి వంటి జంక్షన్‌లో రైళ్లు మారిన ప్రతి పాఠకునికి దగ్గరగా తోస్తుంది. ఎడ్గార్ ఎలన్ పో 1846 నాటి వ్యాసంలో రచయిత ముందుగా ఫలితాన్ని నిర్ణయించుకొని వెనక్కి నిర్మించుకుంటూ రావాలని ప్రతిపాదించాడు. చివరి వాక్యం తెలియకుండా దయ్యాల కథ మొదలుపెట్టరాదన్న నియమం దీని నుంచే వచ్చింది.

చలనచిత్రాలు

‘కాష్మోరా’ (1986), బి. విఠలాచార్య ‘జగన్మోహిని’ (1978), రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996), కోడి రామకృష్ణ ‘అరుంధతి’ (2009) గుర్తుంచుకోవలసినవి. తెరమీద శబ్దం చేసే పనిని కాగితం మీద వాక్యం పొడవు చేయాలి. సినిమాను చూసి కథ రాసేవారు ఈ తేడా మరచిపోయి, ఆశ్చర్యార్థకాలతో పేజీ నింపుతారు.

రచయిత బాధ్యత, చట్టం

రాజ్యాంగం 51-ఎ(హెచ్) అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొంటుంది. ఇది 1976 నాటి 42వ సవరణ ద్వారా 4-ఎ భాగంలో చేరింది. మంత్రమహిమతో రోగాలు నయమవుతాయన్న ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢనమ్మకాల నిరోధక చట్టాలు చేశాయి.

చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి. బాధితులు ఎక్కువగా పేదలు, ఒంటరి స్త్రీలు, వృద్ధులు. కాబట్టి ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడను మంత్రగత్తెగా చూపే ఇతివృత్తం కేవలం పాతబడినది అని వదిలేయడానికి వీల్లేదు, అది హాని చేస్తుంది. విధవను, పేదను, వికలాంగుణ్ని భయానికి ముఖంగా వాడరాదు. భయం పుట్టవలసింది అధికారం గల చేతుల నుంచి, దాచిన తప్పు నుంచి. దయ్యాల కథను ఇష్టపడేవారే ఈ నియమాన్ని ముందుగా పాటించాలి.

సాధన క్రమం

మొదట దయ్యం లేకుండా ఒక స్థలాన్ని ఒక పేజీలో రాయాలి. రాత్రి తొమ్మిది తరువాత అక్కడ వినిపించే చప్పుళ్లను వరుసగా నమోదు చేయాలి. తరువాత ఆ స్థలంలో ఉద్యోగమో పనో చేసే ఒక మనిషిని నిలపాలి: లాకుల మనిషి, గేటుమాన్, నర్సు, చేపల వ్యాపారి. అతని పని తెలిస్తేనే ఆ పనిలో ఏ చిన్న మార్పు భయం గొలుపుతుందో తెలుస్తుంది. ఆపైన అతను చేసిన తప్పునో, పోగొట్టుకున్న మనిషినో నిర్ణయించాలి. దయ్యం ఆఖర్న రావాలి. కథను కాగితం మీద ముగించేముందు ఒక్కరికైనా నోటితో చెప్పాలి. వింటున్నవారు ఎక్కడ ‘తర్వాత?’ అని అడిగారో అక్కడ కథ బతికి ఉంది. ఎక్కడ ఫోను చూశారో అక్కడ కత్తిరించాలి.

ఈ ప్రాంతపు అభ్యర్థులకు మరొక పని ఉంది. పెనుమూడి రేవులో పడవ నడిపినవారు, కుప్ప కావలి పడుకున్నవారు, తెల్లవార్లూ కాటి సీను చూసినవారు ఇప్పుడు వృద్ధులు. వారి దగ్గర దయ్యాల కథలు ఉన్నాయి, వాటిలో అధికభాగం అచ్చు కాలేదు. ఊరి పేరు, చెప్పినవారి వృత్తి, విన్న తేదీతో సహా, వారి మాటల్లోనే ఈ సెలవుల్లో రాసిపెట్టుకోవడం మొదలుపెట్టండి.